పొద్దున చూద్దాంలే

నలుగురూ తాగొచ్చారు.

2009 మార్చి మొదటి వారం. హిమాచల్‌ప్రదేశ్, కాంగ్డా జిల్లా, టాండా. మార్చి వచ్చినా అక్కడ రాత్రిళ్ళు చలి వదలదు. రాజేంద్రప్రసాద్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ హాస్టల్. ఆ నలుగురు సీనియర్లు ఫస్టియర్ పిల్లల్ని పిలిచారు. నిలబెట్టారు. కొట్టారు. దెబ్బలు తిన్నవాళ్ళలో ఒకడు అమన్ కచ్రూ. వయసు 19. ఆ హాస్టల్లో జూనియర్ల మీద చెయ్యి లేవడం అది మొదటిసారి కాదు. అమన్‌కి మాత్రం అదే ఆఖరిసారి.

తలకి తగిలిన దెబ్బ మోసం చేస్తుంది. పైకి గాయం కనపడకపోవచ్చు, మనిషి లేచి మొహం కడుక్కోవచ్చు, అడిగితే జవాబు చెప్పొచ్చు, కాస్త తల దిమ్ముగా ఉందంటే పక్కవాడు పడుకోరా తగ్గిపోతుందని దుప్పటి కప్పొచ్చు, ఈలోగా పుర్రె లోపల నెత్తురు కారుతూ మెదడుని నొక్కేస్తూ ఉంటుంది. మార్చి 8న అమన్ చనిపోయాడు. మెదడులో రక్తస్రావం. వైద్యం నేర్పే కాలేజీలో చదువుతూ పోయాడు.

అదే నెల. ఈసారి మన వైపు.

బాపట్ల. కృష్ణ పడమటి డెల్టా. అక్కడి వ్యవసాయ ఇంజనీరింగ్ కాలేజీలో ఫస్టియర్ చదివే అమ్మాయి, సీనియర్లు చేసిన అవమానం తట్టుకోలేక ప్రాణం తీసుకోబోయింది. బతికింది. టాండా సంగతీ, బాపట్ల సంగతీ రెండూ సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. ఢిల్లీలో అందరూ అడిగిన ప్రశ్న ఒకటే. ర్యాగింగ్‌ని ఆపే చట్టం లేదా?

ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 1997 నుంచే ఉంది. వెక్కిరించి ఏడిపిస్తే ఆరు నెలల దాకా జైలు. ప్రాణం పోతే పదేళ్ళు, లేదంటే యావజ్జీవం. ఫిర్యాదు వచ్చినా కదలని కాలేజీ పెద్దనీ నేరానికి తోడ్పడ్డవాడిగానే చూడమంది ఆ చట్టం. చిత్రం చూడండి. ఎన్టీఆర్ 1995 జనవరిలో తెచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని సర్కారు ఎత్తేసిందీ 1997లోనే. ఒక చేత్తో సీసా తెరిచి, రెండో చేత్తో బెత్తం పట్టుకుంది. సీసా ఊరూరా చేరింది. బెత్తం బీరువాలో ఉండిపోయింది.

దాన్ని బయటికి లాగడానికి ఓ తండ్రి కావాల్సొచ్చింది.

అమన్ తండ్రి ప్రొఫెసర్ రాజేంద్ర కచ్రూ. కొడుకు పోయాక ఆయన ఇంట్లో కూర్చోలేదు. అదే ఏడాది జూన్‌లో యూజీసీ నిబంధనలొచ్చాయి, 1800-180-5522 హెల్ప్‌లైనూ వచ్చింది. కొత్త పిల్లలకి వేరే హాస్టల్ ఇవ్వాలి. వార్డెన్ ఏ వేళైనా ఫోనుకి దొరకాలి. నేరం జరిగిందని తెలిస్తే 24 గంటల్లో పోలీసు కేసు పెట్టించాలి. పిల్లలూ తల్లిదండ్రులూ ఏటా హామీపత్రం ఇవ్వాలి. 2010 నవంబరులో ధర్మశాల కోర్టు ఆ నలుగురికీ నాలుగేసి ఏళ్ళ శిక్ష వేసింది. కాగితాల మీద కథ అక్కడికి ముగిసింది.

బస్టాండుల్లో ముగియలేదు.

బందరుకి 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది, 150 సీట్లతో. దివిసీమ నుంచి పిల్లాణ్ణి చదువుకి పంపడమంటే ఇప్పుడు బందరే కాదు, గుడివాడ, విజయవాడ, ఇంకా దూరం. అడ్మిషన్ల రోజుల్లో అవనిగడ్డలో బస్సెక్కే తండ్రుల్ని చూడండి. ఉప్పుగాలికి చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంటుంది. సంచిలో సున్నుండల డబ్బా. ఫైల్లో ఆ హామీపత్రం, చదవకుండానే సంతకం పెట్టింది. బస్సు కదిలేలోగా ఆయన చెప్పేది మాత్రం వేరే.

"ఒరేయ్ నాన్నా, పెద్దోళ్ళు ఏమన్నా అంటే సర్దుకుపో. గొడవలు పెట్టుకోకు."

"అలాగే నాన్నా."

ఆ పిల్లాడు సంతకం మర్చిపోతాడు. సర్దుకుపొమ్మన్నది గుర్తుపెట్టుకుంటాడు.

ఇక ఇంకో గది. దీనికి ఊరి పేరు అక్కర్లేదు. ఫ్రెషర్స్ డే రాత్రి. ఫ్యాను తిరుగుతున్నా ఉక్క. నేలమీద బిర్యానీ పొట్లాలు, ప్లాస్టిక్ గ్లాసులు. కొట్టేవాళ్ళెవరూ లేరు. నవ్వులే. తాగితే మనోడు, తాగకపోతే పప్పుసుద్ద. ఎప్పుడూ ముట్టని కుర్రాడు ఒకటి, రెండు, నాలుగు గుటగుటా దించేశాడు. చప్పట్లు. కాసేపటికి గోడకి జారగిలబడ్డాడు. కుదిపారు. పలకలేదు.

"నిమ్మకాయ మజ్జిగ పట్టరా."

"వద్దులే, పడుకోనీ. పొద్దున చూద్దాంలే."

ఇక్కడే ప్రాణం పోయేది. తాగడం ఆపాక కూడా కడుపులో ఉన్నది నెత్తుట్లోకి ఎక్కుతూనే ఉంటుంది. నిద్రపోతున్నాడు అనుకుంటున్న గంటలోనే మత్తు పెరగొచ్చు. కాఫీ దించదు, చన్నీళ్ళు దించవు. స్పృహలేనివాడి నోట్లో పోసిన మజ్జిగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెల్లకిలా పడుకోబెడితే కక్కిందే గొంతుకి అడ్డం పడుతుంది. ఒళ్ళు చల్లబడుతోందా? పెదాలు నీలిరంగు తిరిగాయా? ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్లు దాటుతోందా? అయితే పొద్దుటిదాకా ఆగకూడదు.

గదిలో అందరికీ ఫోన్లున్నాయి. ఎవరి చెయ్యీ జేబులోకి పోదు. సీనియర్లు ఏమంటారో. వార్డెన్ ఇంటికి చెప్తాడేమో. సీటు పోతుందేమో. 108 అంబులెన్సులు మన రాష్ట్రంలో 2005 నుంచీ తిరుగుతున్నాయి, నొక్కాల్సింది మూడంకెలు, అవి నొక్కడానికి ఈ భయాలన్నీ దాటాలి.

ఒక్కడు దాటితే చాలు. కుర్రాణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టి, నోరు కిందికి వాలేలా చూడాలి. ఒంటరిగా వదలకూడదు. ఫోనులో ఎంత తాగాడో, ఎప్పుడు తాగాడో దాచకుండా చెప్పాలి. ఒకరు తల దగ్గర కూర్చుని ఊపిరి లెక్కపెడుతుంటే ఇంకొకరు కిందికి పరిగెత్తి, వాచ్‌మన్‌ని లేపి గేటు తీయించాలి.