ఫొటో అబద్ధం చెప్పదా?

ఢిల్లీలో ఫొటోగ్రఫీ నేర్చుకునే మిత్రులకు నేను ముందుగా ఫెలీచే బియాటో గురించి చెబుతాను. 1857 తిరుగుబాటు శిథిలాలను ఆయన 1858లో ఫొటోలు తీశాడు. ఢిల్లీ కాశ్మీరీ గేటు కూడా వాటిలో ఉంది. ఆనాటి తడి గాజుపలకకు సెకన్ల కొద్దీ ఎక్స్‌పోజర్ కావాలి. కదిలే యుద్ధం అందులో పడదు. కదలని గోడలూ, ఎముకలూ పడతాయి.

లక్నో సికందర్ బాగ్ ఫొటోలో నేలంతా ఎముకలే. క్యాప్షన్ చెప్పేది 1857 నవంబరు దాడి గురించి. ఫొటో తీసింది మాత్రం నెలల తర్వాత! కప్పెట్టిన శవాలను ఫొటో కోసం పట్టుబట్టి బయటపెట్టించాడని జార్జ్ కాంప్‌బెల్ అనే అధికారి తన జ్ఞాపకాల్లో రాశాడు.

చావులు నిజం. దృశ్యం మాత్రం కూర్చినది. కాంపోజిషన్ ఎంత బాగుంటే మనం అంత తేలిగ్గా నమ్ముతాం. అందుకే క్యాప్షన్‌లో ఘటన తేదీతో పాటు ఫొటో తీసిన తేదీ, అక్కడ ఏం సర్దారో కూడా రాయమంటాను.