హైదరాబాదువాళ్ళ అలవాట్లు – కొంత చరిత్ర, కొంత జ్ఞాపకం

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు, కుతుబ్‌షాహీల గురించి రాయాలా, ఆసఫ్‌జాహీల గురించి రాయాలా అని రెండు రోజులు తర్జనభర్జన పడ్డాను. రాజుల చరిత్ర రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. 1591లో చార్మినారు కట్టిన సంగతి బడిపిల్లవాడు కూడా చెబుతాడు. కాని ఈ ఊరి మనుషుల అలవాట్లకూ ఒక చరిత్ర ఉంది. దాన్ని కాగితం మీద పెట్టినవాళ్ళు తక్కువ. నేను తెనాలి దగ్గరి పల్లెటూరి నుంచి 1974లో ఉద్యోగానికి వచ్చి, నారాయణగూడలో ఒక గది అద్దెకు తీసుకున్నవాణ్ణి. బయటినుంచి వచ్చినవాడి కంటికి వింతలు ముందు కనబడతాయి కనుక, ఈ పని నాకు తగినదేననిపించింది.

మొదట ఊరి పేర్ల సంగతి. హైదరాబాదులో వస్తువు పోయినా పేరు పోదు. లక్డీకాపూల్‌లో కర్రవంతెన కోసం వెతికితే దొరకదు. పేరు మాత్రం మెట్రో స్టేషను బోర్డు దాకా వచ్చింది. మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియా దేశస్థుడు పెట్టిన దుకాణం ఏనాడో మూతబడింది. మనం మాత్రం ఇప్పటికీ చొక్కా గుడ్డకు ఆబిడ్స్ పోదామంటాము. ఫిరంగులు పోతపోసిన తోప్ కా సాంచా గన్‌ఫౌండ్రీ అయింది. ఆ కార్ఖానాకు ఆద్యుడైన ఫ్రెంచి సేనాని రేమండ్ 1798లో చనిపోతే, ఆయన పేరు జనం నోట నలిగి, కొందరికి మూసా రహీం, కొందరికి మూసా రామ్ అయింది. మూసారాంబాగ్ అలా మిగిలింది. అన్నిటికంటె నాకు ముచ్చటైనది నయాపూల్. పురానాపూల్ 1578 నాటిది కనుక, దాని తరువాత పందొమ్మిదో శతాబ్దంలో వచ్చిన ఈ వంతెన కొత్తది. నూటఅరవై ఏళ్ళు దాటినా అది కొత్తదే! రిటైరై ఇరవై ఏళ్ళయినా కొంతమందిని “మా కొత్త గుమాస్తా” అనే మన పాత సూపరింటెండెంట్ల వంటిదే ఈ ఊరు కూడా.

కాలం విషయంలోనూ వీళ్ళ లెక్క వేరు. దక్కనీలో ‘పర్సోం’ అన్న మాట ఉంది. ఉర్దూ నిఘంటువు ప్రకారం అది మొన్న, లేదా ఎల్లుండి. హైదరాబాదీ నోట అది మూడురోజుల క్రితం కావచ్చు, మూడేళ్ళ క్రితమూ కావచ్చు. “పర్సోం హీ తో షాదీ హువీ” అని ఒకాయన అంటే, ఆయన పెద్దకొడుకు పదో తరగతిలో ఉన్నాడని తరువాత తెలుస్తుంది. ఉత్తరాదివాళ్ళు దీన్ని పట్టుకుని ఎగతాళి చేస్తారు. నాకు మాత్రం ఎగతాళి అనిపించదు. మన తెలుగులో ‘మొన్న’ ఏం చేస్తుంది? “మొన్నమొన్నటి దాకా ఇక్కడ చెరువుండేది” అంటే ఏ తేదీ? తెలుగు, మరాఠీ, ఉర్దూ నాలుగు వందల ఏళ్ళు ఒకే వీధిలో కాపురమున్నాయి. ‘నక్కో’ మరాఠీ నుంచి దక్కనీలోకి వచ్చింది. దక్కనీ నుంచి ‘జర’, ‘పరేషాన్’ మన తెలుగులోకి వచ్చాయి. అదే తోవలో మన ‘మొన్న’ స్వభావం వాళ్ళ ‘పర్సోం’కు అంటుకుని ఉంటుందని నా ఊహ. భాషావేత్తలు ఒప్పుకుంటారో లేదో!

కాలం అంటే ఫస్లీ గుర్తుకు వస్తుంది. ఈ సంగతి మన సభ్యులలో ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్లో పనిచేసినవారికి కొత్త కాదు, కాని వారి పిల్లలకు తెలియదు. నిజాం రాజ్యంలో సర్కారు దఫ్తర్లు నడిచింది ఫస్లీ సంవత్సరంతో. అక్టోబరు తొలివారంలో అజుర్ మాసంతో ఏడాది మొదలు. ఆ తరువాత దయ్, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్దీ, ఆర్దీబెహిష్త్, ఖుర్దాద్, తీర్, అమర్దాద్, షహ్రేవర్, మెహర్, ఆబాన్. వారానికి సెలవు శుక్రవారం. రూపాయి కూడా వేరే: హాలీ సిక్కా. ఏడు హాలీ రూపాయలు ఆరు బ్రిటిష్ ఇండియా రూపాయలకు సమానం. 1948 సెప్టెంబరులో రాజ్యం పోయినా హాలీ రూపాయి ఒక్కసారిగా పోలేదు, 1959 దాకా చెలామణీలో ఉంది. నేను వచ్చేనాటికి సిక్కా లేదు. ఫస్లీ మాత్రం ఉంది – పాత ఉద్యోగుల సర్వీసు పుస్తకాలలో, పుట్టిన తేదీ గడిలో.

1988లో ఒక గుమాస్తా పదవీ విరమణ కాగితాలు తయారయ్యాయి. ఆయన పుట్టినది తీర్ మాసం, 1340 ఫస్లీ. ఫస్లీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుందన్న సూత్రం ఒకటి మా దఫ్తరులో వాడుకలో ఉండేది. ఆ లెక్కన 1930 అన్నారు, 58 నిండిపోయాయన్నారు. ఆయనకు పెళ్ళికాని ఆడపిల్లలు ఇద్దరు. ఆ సూత్రం సగమే నిజం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు 590 కలపాలి. జనవరి వస్తే ఇంగ్లీషు సంవత్సరం మారుతుంది, ఫస్లీ మారదు కనుక 591 కలపాలి. తీర్ అంటే మే నెల. అంటే ఆయన పుట్టింది 1931 మేలో. ఒక ఏడాది జీతం, ఒక ఇంక్రిమెంటు, దాన్ని బట్టి జీవితకాలపు పింఛను – అంతా ఆ ఒక్క అంకెలో ఉంది. దాన్ని పట్టుకున్నది అధికారులు కాదు. సెక్షన్లో మా పక్కకుర్చీలో కూర్చునే ఒక పెద్దాయన, ఉర్దూ మీడియంలో చదువుకున్నవాడు, పన్నెండు నెలలనూ వేళ్ళమీద లెక్కబెట్టి చూపించాడు. నోటు పెట్టాము; మూడు నెలలు తిరిగి ఫైలు సరయింది. ఆ గుమాస్తా 1989 మే నెలాఖరున రిటైరయ్యాడు. ఆ పెద్దాయన సంగతి మళ్ళీ చెబుతాను.

ఇరానీ హోటళ్ళ గురించి చాలామంది రాశారు కనుక క్లుప్తంగా ముగిస్తాను. ఇరాన్ నుంచి బొంబాయి మీదుగా వచ్చినవారు పెట్టిన హోటళ్ళవి. డికాక్షను మూతబిగించి దమ్ మీద ఉంచడం, పాలు విడిగా మరిగించి చిక్కబరచడం, రెంటినీ కప్పులోనే కలపడం – రహస్యమంతా ఇంతే. ఒక చాయ్ ఇద్దరు పంచుకునే ‘వన్ బై టూ’ మా జీతాలకు సరిపోయేది. ఒక్క కప్పుతో రెండు గంటలు కూర్చున్నా లెమ్మనని యజమానుల ఓర్పు మీదనే ఈ నగరపు సాహిత్యమూ, యూనియన్లూ పెరిగాయి. ఆబిడ్స్ ఓరియంట్ హోటల్లో కవి మఖ్దూం మొహియుద్దీన్ కూర్చునేవారని పెద్దలు చెప్పేవారు. ఆ హోటలు ఇప్పుడు లేదు.

మృగశిర కార్తె నాడు ఇంటింటా చేపల కూర, ఉబ్బసం ఉన్నవాళ్ళకు బత్తిని వారి చేపమందు. బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో మందుపెట్టి మింగిస్తారు, శాకాహారులకు బెల్లంలో. వైద్యశాస్త్రం దీన్ని ఒప్పలేదు, ఆ మాట దాచకూడదు. అయినా దేశం నలుమూలల నుంచి జనం వరుసలో నిలబడతారు. పాతబస్తీలోని వాళ్ళ ఇంటి ముందు జరిగేది తరువాత నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి మారింది.

ఆ మైదానమే నుమాయిష్‌ది కూడా. 1938లో ఉస్మానియా పట్టభద్రులు కొందరు కలిసి పబ్లిక్ గార్డెన్స్‌లో కొద్ది దుకాణాలతో ప్రారంభించారు. 1946లో ఇప్పటి చోటికి వచ్చింది. జనవరి 1న మొదలై నలభైఅయిదు రోజుల పైచిలుకు. వచ్చిన మిగులుతో బడులూ కాలేజీలూ నడుపుతారని టిక్కెట్టు కొనేవాళ్ళలో ఎందరికి తెలుసు? మన ఇళ్ళలో ఎందరు ఆడపిల్లలు ఆ కాలేజీలలో చదివారో లెక్కలేదు. హైదరాబాదువాడు నుమాయిష్‌కు కొనడానికి పోడు, పోయిరావడానికి పోతాడు. కాశ్మీరు శాలువా బేరమాడి వదిలేసి, మిర్చిబజ్జీ తిని, తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో వింటూ తన చేతిలో ఉన్న చెయ్యి గట్టిగా పట్టుకుంటాడు. 2021లో కరోనా వల్ల నుమాయిష్ జరగలేదు. ఆ జనవరి మా వీధిలో ఏదో తిథి తప్పినట్టుండింది.

చివరిగా ఇమామ్ జామిన్. ప్రయాణమయ్యేవాళ్ళ కుడిచేతి దండకు పట్టుగుడ్డలో ఒక నాణెం చుట్టి కడతారు. ఇమాము మీకు జామీను, క్షేమంగా చేరండి అని అర్థం. చేరాక ఆ నాణెం బీదలకు ఇచ్చేయాలి. ఇది మహమ్మదీయుల ఆచారమే అయినా, మతం చూసి కట్టేవారు కారు. బదిలీ ఆర్డరు వచ్చిన ఉద్యోగి హిందువైనా సరే, సాగనంపేటప్పుడు దండలతోపాటు ఇదీ ఉండేది. 1983లో నన్ను ఆదిలాబాదు వేసినప్పుడు నాకు కట్టింది, ఇందాక చెప్పిన ఆ ఫస్లీ పెద్దాయనే. అప్పటికి నా భార్య నిండుచూలాలు. బస్సు కదిలేదాకా ఆయన అక్కడే నిలబడ్డాడు. ఆదిలాబాదు బస్టాండులో దిగగానే రూపాయి ఒక ముసలమ్మకు ఇచ్చి, గుడ్డ మా ఆవిడ ట్రంకుపెట్టెలో దాచింది.

ఆదిలాబాదులోనే పుట్టిన మా అబ్బాయి 2006లో అమెరికా వెళ్ళేనాటికి ఆయన లేడు. విమానం అర్ధరాత్రి. సాయంత్రం ఆయన కూతురు మలక్‌పేట నుంచి ఆటోలో వచ్చింది, చేతిలో ఆకుపచ్చ పట్టుగుడ్డ. “అబ్బా ఉంటే వచ్చేవారు, చాచా” అంది. మా ఆవిడ వాడి చొక్కా చేతి మడత పైకి తీసింది, ఆ అమ్మాయి కట్టింది. చికాగోలో దిగాక ఆ నాణెం ఎవరికివ్వాలని వాడు ఫోను చేసి అడిగాడు.