బుద్ధిసంపదకు కావలి కాసిన న్యాయవాదులు

మన ఇండ్లలో అటుక మీదనో, పాత భోషాణములోనో తాతలనాటి తెలుగు పుస్తకములు నాలుగైనను ఉండకపోవు. చెన్నపురి ముద్రాశాలలలో అచ్చుపడిన ఆ గ్రంథముల ముఖపత్రమును తిరుగవేసినచో "సర్వస్వామ్య సంకలితము" అను మాట కనబడుచుండును. చిన్ననాడు మేము ఆ మాటను మంత్రమువలె చదివి, అర్థము తెలియకయే పుట త్రిప్పివేయుచుంటిమి. పెద్దవారమైన తరువాత గాని అది మంత్రము కాదనియు, ఒక హక్కుకు వేసిన సరిహద్దు రాయి యనియు బోధపడలేదు. పొలమునకు గట్టు కలదు, ఇంటికి ప్రహరి కలదు. మనిషి తలలో పుట్టిన ఆలోచనకు, పాటకు, యంత్రమునకు, అంగడి పేరునకు గట్టు ఎక్కడ? ఆ గట్టును కాగితము మీద గీయుటయే వృత్తిగా పెట్టుకొన్న న్యాయవాద సంస్థల చరిత్రను కొంత చెప్పుటకు ఈ వ్యాసమున పూనుకొనుచున్నాము. పరసీమలలో తరతరములుగా స్థిరపడి, చేతిపనిని, మాటను, పేరును నమ్ముకొని బ్రతికిన మన కుటుంబములకు ఈ కథతో సంబంధము స్వల్పము కాదు.

మన దేశమున గ్రంథస్వామ్యమునకు 1847లోనే ఒక చట్టము పుట్టినది. కొత్త యంత్రములను కనిపెట్టినవారికి రక్షణ మాత్రము 1856 ఫిబ్రవరి 28వ తేదీన వచ్చెను. నాలుగు దినములకే, మార్చి 3వ తేదీన, కలకత్తా గ్రాంట్స్ లేనులో 7వ నంబరు ఇంట నివసించు జార్జి ఆల్ఫ్రెడ్ డిపెన్నింగు అను సివిలు ఇంజనీరు ప్రభుత్వమునకు అర్జీ పెట్టుకొనెను. ఆయన కనిపెట్టినది ఆకాశయానము కాదు, ఆవిరి నౌక కాదు; పంకా లాగు యంత్రము. ఆనాటి కచేరీలలోను, దొరల బంగళాలలోను పంకా త్రాడు పట్టుకొని కునికిపాట్లు పడుచు లాగు కూలివానిని మన ముత్తాతలు ఎరుగుదురు. ఆ పనిని మరింత సమర్థముగా చేయు సాధనమే ఈ దేశమున ప్రత్యేక హక్కు పొందిన మొదటి నూతన కల్పన. సెప్టెంబరు 2వ తేదీన డిపెన్నింగు తన యంత్రపు వివరణమును, చిత్రపటములను దాఖలు చేయగా అవి అంగీకరింపబడినవి.

ఇచ్చట ఒక విచిత్రము కలదు. ఆ చట్టమును చేయుటకు ముందు బ్రిటిషు రాణి అనుమతి పొందలేదను కారణమున 1857లో దానిని రద్దు చేసిరి. మరల 1859లో సరియైన రీతిని కొత్త చట్టము చేసి, పదునాలుగు సంవత్సరముల ప్రత్యేక హక్కును నిలిపిరి. తరువాత 1872లోను, 1883లోను, 1888లోను చట్టములు మారుచు వచ్చి, 1911లో భారత పేటెంట్లు, డిజైన్ల చట్టముగా స్థిరపడినవి. ఇక డిపెన్నింగు ఇంటిపేరుతో 1856లోనే కలకత్తాలో వెలసిన సంస్థ, కాలక్రమమున చెన్నపట్నమును ప్రధాన స్థానముగా చేసికొని, నేటికిని ఈ వృత్తినే నడపుచున్నది. ఒక పంకా యంత్రపు అర్జీతో మొదలైన పని నూట అరువది యేండ్లు దాటినను ఆగలేదు.

ఇట్టి సంస్థలు చేయు పని యేమి? పేటెంటు అనునది దానము కాదు, బేరము. "నీ రహస్యమును లోకమునకు విప్పి చెప్పుము, కొంతకాలము దానిపై అధికారము నీకే ఇత్తును" అని ప్రభుత్వము పలుకును. ఆ విప్పి చెప్పు పత్రమునందే ప్రాణమంతయు కలదు. హక్కును ఇరుకుగా వ్రాసినచో పోటీదారుడు ఒక మర మార్చి ప్రక్కదారిన పోవును. మితిమీరి విశాలముగా వ్రాసినచో, "ఇందులో కొత్త యేమున్నది?" అను ప్రశ్నకు తాళలేక మొత్తము కూలిపోవును. కనుక ఇంజనీరు కన్నును, వకీలు కలమును ఒక్కచోట కూర్చవలసి వచ్చినది. సాధారణ వ్యాజ్యమున జరిగిపోయిన సంగతిని నిరూపింతురు. ఇందు ఇంకను జరుగని అపహరణమును ముందే ఊహించి తలుపు బిగింపవలెను. ఈ రెండు విద్యలును ఒక్కరియందు ఉండుట అరుదగుటచే, పలువురు కలసి పనిచేయు సంస్థ అవసరమైనది.

వ్యాపార చిహ్నముల కథ వేరు. 1893లో బొంబాయి నగరమున కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనమును నెలకొల్పిరి. సంగీత సభలలో ఆ లేపనమును ఉచితముగా పంచి పేరు తెచ్చిరని పెద్దలు చెప్పుదురు. ఆ పేరు తెచ్చిన ధనముతోనే 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక పుట్టినది; 1914లో చెన్నపట్నమునకు తరలినది. ఒక చిన్న సీసా మీది పేరు ఒక జాతి పత్రికను పోషించినదన్నమాట. కాని ఆనాటికి వ్యాపార చిహ్నములను నమోదు చేయు చట్టమే ఈ దేశమున లేదు. తమ గుర్తును గూర్చి ఒక ప్రకటన పత్రము వ్రాసి రిజిస్ట్రారు కచేరీలో దస్తావేజుగా నమోదు చేయించుకొనుటయు, ఎవరేని ఆ పేరుతో తమ సరకును అమ్మినచో న్యాయస్థానమున మొరపెట్టుకొనుటయు మాత్రమే ఆనాటి మార్గములు. 1940లో గాని వ్యాపార చిహ్నముల చట్టము రాలేదు. అది 1958లో మారి, 1999లో మరల కొత్తరూపు దాల్చి, 2003 నుండి అమలున ఉన్నది.

యంత్రకల్పనలో మనవారి పేరు చెప్పవలెనన్న కోయంబత్తూరునకు పోవలెను. 1893లో ఆ ప్రాంతపు కలంగల్ గ్రామమున ఒక తెలుగు కుటుంబమున జన్మించిన జి. డి. నాయుడుగారు బడి చదువు పెద్దగా లేకయే యంత్రవిద్యను వశపరచుకొనిరి. విద్యుత్తుతో నడచు క్షురక యంత్రము, పలుచని క్షురకపు బ్లేడులు, పండ్ల రసము తీయు సాధనము, మోసమునకు వీలులేని ఓటు యంత్రము మొదలైనవి వారి సృష్టులు. 1937లో డి. బాలసుందరము నాయుడుగారితో కలసి వారు తయారుచేయించిన విద్యుత్ మోటారు దేశీయముగా పుట్టినవానిలో మొదటిదిగా ప్రసిద్ధి. 1974లో నాయుడుగారు కన్నుమూసిరి. తమిళనాట ఆయనను తమిళుల వింతమనిషిగా కీర్తింతురు, మనకును సంతోషమే. ఇంట తెలుగు, బజారున తమిళము, కార్ఖానాలో ఇనుము మాటలాడిన ఇట్టివారు మనలో ఎందరో కలరు. అయితే వారిలో తమ కల్పనను కాగితమునకు ఎక్కించినవారు ఎందరు?

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత ఈ శాస్త్రమునకు ఒక గొప్ప మలుపు వచ్చినది. మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన ఎన్. రాజగోపాల అయ్యంగారు, కేంద్ర ప్రభుత్వము కోరికపై పేటెంటు చట్టమును పరిశీలించి 1959 సెప్టెంబరులో నివేదిక సమర్పించిరి. ఈ దేశపు పేటెంట్లలో అత్యధికము విదేశీయులవే యనియు, వానిలో పెక్కింటిని ఇచ్చట ఉత్పత్తికి వినియోగింపక కేవలము దిగుమతికి కంచెగా వాడుకొనుచున్నారనియు వారు చూపిరి. దాని ఫలితమే 1970 నాటి చట్టము. అది 1972 ఏప్రిల్ 20 నుండి అమలైనది. ఔషధములకు, ఆహార పదార్థములకు వస్తువుపై పేటెంటు లేదు, తయారుచేయు పద్ధతిపై మాత్రమే కలదని అది శాసించెను. ఆ వెసులుబాటుతోనే హైదరాబాదున ఔషధ పరిశ్రమ వేళ్ళూనినది. అచ్చటి ప్రభుత్వ ఔషధ కర్మాగారమున పనిచేసిన కల్లం అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించుట ఆ క్రమములోనిదే.

ప్రపంచ వాణిజ్య ఒప్పందము వలన 2005లో ఔషధముల వస్తు పేటెంట్లు తిరిగి వచ్చినవి. అప్పటినుండి ఈ న్యాయవాద సంస్థల బల్లలపై రోగుల ప్రాణములును లెక్కకు వచ్చినవి. రక్తపు క్యాన్సరునకు వాడు ఒక మందుపై స్విట్జర్లాండు సంస్థ నోవార్టిస్ కోరిన పేటెంటును చెన్నైలోని పేటెంటు కార్యాలయము 2006 జనవరిలో నిరాకరించినది. తెలిసిన మందునకు కొత్త రూపు ఇచ్చినంత మాత్రమున చాలదు, గుణము హెచ్చవలెనను నిబంధన చెల్లునని 2007లో మద్రాసు హైకోర్టు చెప్పెను. 2013 ఏప్రిల్ 1వ తేదీన సుప్రీంకోర్టు ఆ పేటెంటు నిరాకరణను ఖాయపరచెను. ఆ అర్జీకి అడ్డు చెప్పినవారిలో హైదరాబాదు సంస్థ నాట్కో ఒకటి. అదే నాట్కోకు 2012 మార్చి 9వ తేదీన దేశములోని మొదటి నిర్బంధ లైసెన్సు లభించినది. బేయరు సంస్థ నెలకు సుమారు 2,80,000 రూపాయలకు అమ్ము క్యాన్సరు మందును నాట్కో 8,880 రూపాయలకు మించకుండ అమ్మవలెననియు, 6 శాతము ప్రతిఫలము చెల్లింపవలెననియు ఆజ్ఞ. చెన్నై కేంద్రముగా ఉండిన మేధాస్వామ్య అప్పీలు బోర్డు 2013లో ఆ ప్రతిఫలమును 7 శాతము చేసెను. 2003లో వెలసిన ఆ బోర్డు 2021లో రద్దుకాగా, వ్యాజ్యములు హైకోర్టులకు మరలినవి. మద్రాసు హైకోర్టు 2023లో ఇందుకొఱకు ప్రత్యేక విభాగమును ఏర్పరచుకొన్నది.

ఇంతలో కంప్యూటరు యుగము వచ్చినది. 1984 సవరణతో కంప్యూటరు ప్రోగ్రాము గ్రంథస్వామ్యపు నీడకు చేరినది. 2000 అక్టోబరు 17 నుండి సమాచార సాంకేతిక చట్టము అమలైనది. కంటికి కనబడని సాఫ్ట్‌వేరు సరకా, కాదా యని టాటా కన్సల్టెన్సీ సంస్థకును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును అమ్మకపు పన్ను విషయమున వివాదము రాగా, డిస్కుల మీద అమ్ము సాఫ్ట్‌వేరు సరకే యని సుప్రీంకోర్టు 2004లో తీర్మానించెను. అదే యేట మరియొక తీర్పు వచ్చినది. సత్యం ఇన్ఫోవే సంస్థ 1999లో "సిఫీ" అను కల్పిత నామముతో అంతర్జాలపు చిరునామాలు నమోదు చేసికొనెను. 2001 నుండి మరియొకరు దానిని పోలిన పేరుతో వ్యాపారమునకు దిగిరి. బెంగుళూరు సివిలు కోర్టు సత్యమునకు అనుకూలముగా ఆజ్ఞ ఇచ్చెను; కర్ణాటక హైకోర్టు దానిని త్రోసివేసెను; సుప్రీంకోర్టు మరల నిలిపెను. అంతర్జాలపు చిరునామాకును అంగడి పేరునకు గల రక్షణయే కలదనియు, ముందు వాడినవానిదే పైచేయి యనియు ఆ తీర్పు సారాంశము.

చేతిపనులకును నేడు గట్టు కలదు. భౌగోళిక గుర్తింపు చట్టము 2003 సెప్టెంబరు 15 నుండి అమలున ఉన్నది; దాని నమోదు కార్యాలయము దేశమునకంతకును ఒక్క చెన్నై నగరముననే కలదు. పోచంపల్లి ఇక్కతు, కొండపల్లి బొమ్మలు, శ్రీకాళహస్తి కలంకారీ అందు చేరినవి. మనకు మరింత దగ్గరివి వేరే కలవు. షోలాపురపు దుప్పటి ఆ పట్టికలో చేరినది. ఆ మగ్గముల వెనుక తరతరములుగా అచ్చట స్థిరపడిన తెలుగు పద్మశాలీల చెమట కలదు. ఒడిశా రాష్ట్రపు బరంపురము పట్టు అందు కలదు. ఆ నేతయందు తెలుగు సీమ నుండి వెళ్ళిన సాలె కుటుంబముల పాలు కలదు. ఈ హక్కు ఒక వ్యక్తిది కాదు, ఒక చోటిది. భాష యేదైనను, ఆ చోట కష్టించినవారందరు దానికి పాలివారే. పరసీమలోని మనవంటివారికి ఇంతకంటె గౌరవమైన మాట చట్టములో మరియొకటి కానరాదు.

ముగించుటకు ముందు మేము స్వయముగా ఎరిగిన ఒక సంగతి చెప్పెదము. తమిళనాట ఒక పట్టణమున మన కుటుంబమొకటి మూడు తరములుగా ఒకే పేరుతో ఊరగాయలు, పొడులు అమ్ముచుండెను. ఆ పేరును వారెన్నడును నమోదు చేయింపలేదు. "మన పేరు మనకు ఎవరిచ్చెదరు?" అనుచుండెడివారు పెద్దలు. ఒకనాడు వేరొకరు అదే పేరును నమోదు చేయించుకొని, వీరినే మానుకొనుమని వకీలు నోటీసు పంపిరి. వీరు ఆశ్రయించిన న్యాయవాది అడిగినది ఒక్కటే: "మీరు ముందుగా వాడినట్లు ఋజువు కలదా?" ముందునుండి వాడుచున్నవానిని, తరువాత నమోదు చేసికొన్నవాడు ఆపజాలడని చట్టము చెప్పుచున్నది, కాని నోటిమాట చాలదు.

ఇల్లంతయు వెదకగా తాతగారి చిట్టా ఆవర్జాలు దొరకినవి. అంగడి పేరు, తేదీలు, బాకీలు అన్నియు అందు కలవు, అన్నియు తెలుగున. మనుమలలో ఒక్కరికిని తెలుగు చదువ రాదు. ఇంట మాటలాడుదురు గాని, అక్షరములు నేర్వలేదు. తాత వ్రాసిన గొలుసుకట్టు వ్రాతను వారు చిత్రపటమువలె చూచుచు కూర్చుండిరి. తుదకు మా సంఘమునకు కబురు రాగా, ఎనుబదియేండ్లు పైబడిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు భూతద్దము పెట్టుకొని పది దినములు కూర్చుండి పద్దు పద్దును చదివి చెప్పెను. దాని ఇంగ్లీషు అనువాదమును చూచిన పిమ్మట ఎదుటి పక్షము రాజీకి వచ్చినది, పేరు నిలిచినది. ఆ ఉపాధ్యాయుడు మరుసటి యేట గతించెను. ఇట్టి అవసరము మరల వచ్చినచో పద్దులు చదువుటకు ఎవరిని పిలువవలెనో మాకు తోచుట లేదు.

కనుక మా మనవి రెండు మాటలు. చేతిలో నేర్పున్నవారు, పేరున్నవారు, కొత్త కల్పన ఉన్నవారు దానిని పదిమందికి చూపుటకు ముందే తెలిసిన న్యాయవాదితో మాటలాడుడు. బయటపడిన రహస్యమునకు పేటెంటు దొరకుట దుర్లభము. ఇక రెండవది, పిల్లలకు నాలుగు తెలుగు అక్షరములు నేర్పుడు. భాషాభిమానము కొఱకు నేర్పుడని చాలమంది చెప్పియున్నారు. మేము ఆస్తి కొఱకు నేర్పుడని చెప్పుచున్నాము. భోషాణములోని ఆ పాత పుస్తకముల మీద మన పెద్దలు "సర్వస్వామ్య సంకలితము" అని వ్రాసి ఉంచిరి. ఆ మాటను చదువగలవారు ఇంట ఒక్కరైనను మిగిలియున్నప్పుడే గదా ఆ స్వామ్యము మనదగుట.