ఎలుక రాలిన యిల్లు

చరిత్రమనగా రాజుల వంశావళులు, యుద్ధముల తేదీలు అని బడిలో ముప్పదియేండ్లు చెప్పినవాడను. ఈ పూట నాకు రాజులతో పనిలేదు. మీ యింటి దూలముమీద రాత్రి రెండవ జామున పరుగులెత్తు ఎలుకనుగూర్చి చెప్పదలచితిని. మన ధాన్యమున్నంత కాలముగా దాని చరిత్రయు మన చరిత్రతో ముడిపడియున్నది. మన తాతల కాలమున అది మృత్యువుతోడను ముడిపడినది.

ముందు పేళ్ళ మాట. సంస్కృతమున మూషికమను పేరు దొంగిలుట యను నర్థముగల ధాతువునుండి పుట్టినది. ఆఖువనగా త్రవ్వునది. దొంగతనమును కన్నమును రెండును ఆ పేళ్ళలోనే కలవు. మన తెలుగువారు ఆకారమును జూచి పేళ్ళు పెట్టిరి: చిట్టెలుక, ఎలుక, పందికొక్కు. ఈ కడపటి మాటను మన దేశమునకు వచ్చిన ఆంగ్లేయులు నోరు తిరుగక ‘బ్యాండికూటు’ అనిరి. ఆ మాట వారి నిఘంటువులకెక్కెను. పిదప ఆస్ట్రేలియా ఖండమున, ఎలుక జాతికే చెందక పిల్లలను సంచిలో మోయు వేరొక జంతువునకు కూడ అదియే పేరయ్యెను. తెలుగుమాట యొకటి సముద్రములు దాటినదని మనము గర్వింపవచ్చును గాని, దాటినది పందికొక్కగుటచే ఆ గర్వమును కొంచెము అణచుకొనవలయును.

మన పూర్వులు ఈతిబాధలు ఆరని లెక్కించిరి. అతివృష్టి, అనావృష్టి, మిడుతలు, చిలుకలు, పొరుగురాజుల దండు, వీనితోపాటు ఎలుకలు. శత్రుసైన్యమును చిట్టెలుకను ఒక్క పంక్తిని గూర్చుండబెట్టుట నేటివారికి నవ్వు పుట్టింపవచ్చును. కొఠారు ఖాళీయైన పిమ్మట ఎవరు ఖాళీ చేసిరన్న భేదము తినువానికి లేదుగదా. కౌటిల్యుడు అర్థశాస్త్రము నాలుగవ అధికరణమున దేశమునకు దైవికముగా వచ్చు మహాభయములు ఎనిమిదింటిని చెప్పి, అగ్ని, జలము, వ్యాధి, క్షామముల సరసన ఎలుకలను నిలిపెను. ఆయన చెప్పిన ప్రతీకారము చూడుడు. పిల్లులను ముంగిసలను విడువవలయును. వానిని పట్టినవానికిగాని చంపినవానికిగాని పండ్రెండు పణముల దండన. జెముడుపాలు పూసిన గింజలు చల్లవలయును. అదియు చాలనిచో మూషికకరము విధింపవలయును, అనగా ప్రజలు ఎలుకలనే పన్నుగా చెల్లింపవలయును.

ఇందు పన్ను విధించుటలోని వివేకము నాకు చాల కాలము తెలియలేదు. 1902లో ఫ్రెంచివారి యేలుబడిలోనున్న హనోయి పట్టణపు వృత్తాంతము చదివినపుడు తెలిసినది. అచ్చటి దొరలు పన్నునకు మారుగా బహుమానము ప్రకటించిరి. ఎలుకతోక యొకటి తెచ్చినవానికి ఇంత యని. తోకలు వేలకొలది వచ్చి పడెను. కొన్నాళ్ళకు ఊరిలో తోకలేని ఎలుకలు తిరుగుచు కానవచ్చెను! తోక కోసి, పిల్లలు పెట్టుటకై విడిచిపెట్టుచుండిరట. కొందరు ఊరివెలుపల ఎలుకలను పెంచసాగిరి కూడ. బహుమానము ఎలుకను పెంచును, పన్ను తగ్గించునని కౌటిల్యుడెరుగును కాబోలు.

చిరకాలము కానరాకపోయిన ఆ అర్థశాస్త్రపు తాళపత్రములు 1905లో మైసూరున శ్యామశాస్త్రిగారి చేతబడెను. 1909లో ఆయన దానిని అచ్చొత్తించిరి. శాస్త్రిగారు మూషికభయమను మాటను తాటియాకులపై చదువుచున్న ఆ దినములలోనే మైసూరు రాజ్యమునను, దాని నానుకొనియున్న మన దత్తమండలములందును ఎలుకపేరు చెప్పిన ప్రజలు వణకుచుండిరి. అది ధాన్యమునకు కలిగిన భయము కాదు. అది ప్లేగు.

1894లో హాంకాంగునందు యెర్సెను అను వైద్యుడు ప్లేగు క్రిమిని కనుగొని, చచ్చిన ఎలుకలయందును అదే క్రిమి యున్నదని చూపెను. 1896 సెప్టెంబరులో బొంబాయి ఓడరేవు దగ్గరనున్న మాండ్వీ పేటలో డాక్టరు వీగాసు ఆ రోగమును గుర్తించెను. మాండ్వీ ధాన్యపు కొట్లు కిక్కిరిసిన పేట యని గమనింపుడు. మరుసటి యేడు సాంక్రామిక వ్యాధుల చట్టము పుట్టెను. ఆ చట్టముపేర సిపాయిలు ఇండ్లలో జొరబడిరి, రోగులను ఆసుపత్రులకు, వారి బంధువులను శిబిరములకు ఈడ్చుకొనిపోయిరి, వస్తువులను తగులబెట్టిరి. పూనాలో ఈ పనులకు అధికారియైన ర్యాండుదొరను 1897 జూను 22వ తేదీన చాపేకరు సోదరులు కాల్చిరి. ఇన్ని బలాత్కారములు జరుగుచుండగా ఎలుకమాట మాత్రము పెక్కుమంది అధికారులు గట్టిగా పట్టించుకొనలేదు. రోగము మురికి గాలిలోనో, నేలలోనో, మనుష్యుని స్పర్శలోనో యున్నదని తలచి ఇండ్ల నేలలను మందునీళ్ళతో కడిగించిరి. ఆ నీళ్ళకు బెదరిన ఎలుకలు ప్రక్కయింటికి పోవుచుండెను. ఎలుకతోపాటు రోగమును పోవుచుండెను.

చదువురాని పల్లెలవారు దీనిని ముందే యెరుగుదురు. హిమాలయపు వాలున గఢవాలు, కుమాయూను ప్రాంతములవారు ఎలుకలు చచ్చుట మొదలిడగానే ఊరు విడిచిపోవుదురని 19వ శతాబ్ది నడిమి కాలముననే ఆంగ్లవైద్యులు వ్రాసిపెట్టిరి. మన సీమలోను అదియే యాచారమయ్యెను. మా తాతగారు బళ్ళారికి చేరువనున్న యొక పల్లెలో పుట్టినవారు. వారి యెనిమిదవయేటి మాట నాకు పలుమారులు చెప్పిరి. ఒకనాటి ప్రొద్దున వంటింటి తిరుగలి దగ్గరకు ఎలుక యొకటి వచ్చెనట. పట్టపగలు, మనుష్యులు తిరుగుచుండగా, బెదరు లేక, త్రాగినదానివలె తూలుచు వచ్చి, రెండు చుట్లు తిరిగి పడిపోయెను. వారి తల్లి చీపురు చేతబట్టినది కూడ కాదు. పిల్లల నందరిని వాకిటికి పిలిచి, “ఎలుక రాలినది, లోపలికి పోకుడు” అని తలుపు చేరవేసెను.

ఆ సాయంకాలమునకే వంటకుండలు, దుప్పట్లు మూటగట్టి ఊరివెలుపల చింతతోపున జొన్నచొప్పతో పాకలు వేసికొనిరి. పశువులు వెంట వచ్చెను. గాదెలోని జొన్నలు మాత్రము వెంట రాలేదు. సంవత్సరపు తిండి అక్కడ నున్నది. తాళమున్నను దొంగ కడ్డము లేదు. తెచ్చుకొందమన్న లోపలికి పోవలయును. మా తాతగారి తండ్రి గ్రామచావడి దగ్గర నిలుచుండి గంటసేపు యింటివైపు చూచి తిరిగివచ్చెనట. ప్రక్కయింటివారు గాదెను విడువలేక ఆగిపోయిరి. రెండు వారములు గడువకమునుపే ఆ యింట నలుగురిలో ఒక్కడు మిగిలెను. తోపులో నున్నవారు మూడు నెలలు గంజి త్రాగి, అప్పులు చేసి, బ్రతికిరి. ఆ అప్పు తీరుటకు ఆరేండ్లు పట్టినదని మా తాతగారు రూపాయి అణాలతో సహా లెక్క చెప్పెడివారు.

ఆ యేండ్లు ఎట్టివో తెలియుటకు రెండంకెలు చాలును. 1904లో ఈ దేశమున ప్లేగుచే చచ్చినవారు పదిలక్షలకు పైబడిరి. 1907లో పదుమూడు లక్షలకు పైబడిరి. 1911లో హైదరాబాదు నగరమునకును రోగము సోకి, జనులు ఇండ్లు విడిచి బయళ్ళలో గుడారములు వేసికొనిరి.

ఎలుక రాలుటకును మనుష్యుడు పడుటకును నడుమ నున్న లంకెను 1898లో కరాచీపట్టణమున పాల్ లూయీ సీమోను అను ఫ్రెంచి వైద్యుడు పట్టుకొనెను. ఎలుక చచ్చిన వెంటనే దానిని తాకినవారికి రోగము వచ్చుటయు, చచ్చి చాలసేపైన దానిని తాకినవారికి రాకుండుటయు చూచి, ఈ భేదమెందుకని ఆయన యాలోచించెను. ఒక గాజుపాత్రలో రోగపుటెలుకను గోమారులతో నుంచి, పైన చిన్నపంజరమున మంచి ఎలుకను వ్రేలాడదీసెను. అవి రెండును ఒకదాని నొకటి తాకలేవు. గోమారి మాత్రము ఎగురగలదు. మంచి ఎలుక రోగముచే చచ్చెను. గోమారియనగా కుక్కలమీదను ఎలుకలమీదను ఎగురుచుండు చిన్నపురుగు. ఎలుక శరీరము చల్లబడగానే అది దానిని విడిచి వెచ్చని యొడలు వెదకికొనును.

సీమోనుమాట నాటి ప్లేగు కమీషనువారు నమ్మలేదు. 1905 మొదలు బొంబాయి పరేలులో కూర్చున్న వేరొక పరిశోధకబృందము గుడిసెలు కట్టి, వానిలో గినీపందులను పంజరములందు వేర్వేరు ఎత్తుల నుంచి చూచిరి. నేలకు రెండంగుళముల యెత్తున నున్నదానికి రోగము వచ్చినది, రెండడుగుల యెత్తున నున్నదానికి రాలేదు. గోమారి ఎగురగల యెత్తు అంతే! ఎలుకల మరణమునకును మనుష్యుల మరణమునకును నడుమ సుమారు పది పదునాలుగు దినములు పట్టుననియు వారు లెక్కగట్టిరి. మా ముత్తవ్వ తలుపు చేరవేయుటలోని జ్ఞానము ఈ పదిదినములే. 1914లో బేకటు, మార్టిను అనువారు గోమారి కడుపుద్వారము క్రిములతో మూసికొనిపోవుననియు, ఆకలి తీరక అది మరల మరల కరచుచు క్రిముల నా గాయమున క్రక్కుననియు చూపి, ముడి పూర్తిగా విప్పిరి.

ఒక సంశయము మిగిలియున్నది. చెన్నపట్టణము ఓడరేవు, ధాన్యపుకొట్లు గలది, ఎలుకలు లెక్కలేనన్ని. అయినను బొంబాయికి వచ్చిన చావు దానికి రాలేదు. కొలంబోలో పనిచేసిన హర్స్టు అను వైద్యుడు దీనికి కారణము చెప్పెను. గోమారులలో జాతులున్నవి. ప్లేగును చక్కగా మోయు ‘చియోపిస్’ అను జాతి పీఠభూమియం దెక్కువ. చెన్నపట్టణమున ‘అస్టియా’ అను వేరొకజాతి హెచ్చు, అది రోగమును అంతగా మోయలేదు. రక్షించినది మన పుణ్యము కాదు, దుర్బలమైన యొక పురుగు.

ఇక యిండ్లమాట. గాదె, గరిసె, గుమ్మి, పాతర, పురి యని మనకు ధాన్యము దాచు విధములు పెక్కులు. వీనిలో గడ్డిమోకుతో చుట్టిన పురి చూచుటకు ఎంత అందమైనదో ఎలుకకు అంత అనుకూలమైనది. మట్టిగోడకు కన్నము, నాటుపెంకుల సందులలో గూడు, క్రింద గింజలు. ఇంటి నల్లయెలుక చెట్టెక్కు స్వభావము గలది కావున కప్పులోనే కాపురముండును. దాని గోమారి మన పడకమీద రాలును. అందుచేత బోనుకన్న సున్నము, సిమెంటు మేలని నా యభిప్రాయము. బొటనవ్రేలు పట్టు కన్నమున ఎలుకయు, చిటికెనవ్రేలు పట్టు కన్నమున చిట్టెలుకయు దూరును. వానిని మూసి, ధాన్యమును గోడకు ఎడముగా ఎత్తున, ఇనుపరేకు డబ్బాలలో నుంచినచో సగము యుద్ధము ముగిసినట్లే. పిల్లిని పెంచువారు విషము పెట్టరాదు; పెట్టినచో కౌటిల్యుని దండనకు పాత్రులగుదురు.

విషమనగా మన పల్లెలలో జింకు ఫాస్ఫైడు అను నల్లనిపొడి. ఎలుక క్రొత్త తిండిని వెంటనే నమ్మదు. రెండు మూడు రాత్రులు నూనె కలిపిన నూకలను విషములేకయే పెట్టి, అలవాటైన పిమ్మట కలుపవలయును. దీనికి విరుగుడు లేదు. బిడ్డలు, కోళ్ళు, దూడలు తిరుగుచోట పెట్టకుడు. ఉదయమే మిగిలినదానిని లోతుగా పాతిపెట్టుడు.

ప్లేగు పూర్వకాలపుమాట యనుకొనకుడు. 1993 సెప్టెంబరులో మహారాష్ట్రమున లాతూరు భూకంపము వచ్చెను. భయపడినవారు ధాన్యము లోపలనే యుంచి ఇండ్లు విడిచిరి. ఆ యిండ్లలో ఎలుకలు పెరిగెను. 1994 ఆగస్టులో బీడు మండలపు మామ్లా గ్రామమున ప్లేగు కానవచ్చెను. భూకంపమే దీనికి దారితీసెనని పలువురు పరిశోధకులు తలచిరి. మరుసటి నెలలో సూరతు నగరమున రోగము పుట్టి, జనులు లక్షలకొలది రైళ్ళెక్కి పారిపోయిరి. మా ముత్తవ్వకు లేని మందులు నేడు కలవు. జ్వరముతో గజ్జలలోగాని చంకలోగాని గడ్డ కట్టినచో, మొదటిదినముననే వైద్యుని చేరినవాడు బ్రతుకును.

కావున కారణము లేక ఇంట రెండు మూడెలుకలు చచ్చి పడినచో తాకకుడు, వెంటనే ఆరోగ్యకేంద్రమునకు తెలుపుడు. ఆ సమయమున తొందరపడి ఎలుకలకు విషము పెట్టకుడు. ఎలుకలు చచ్చినకొలది గోమారులు మనమీదికి వచ్చును. ముందు కన్నములలో పురుగుమందు చల్లించి గోమారులను చంపవలయును. ఎలుకలవంతు ఆ తరువాత.