ఆడినవారి పట్టుదల నుంచి పుట్టిన ఆట: లిటిల్‌బిగ్‌ప్లానెట్ 2 పుట్టుపూర్వోత్తరాలు

వీడియో గేమ్‌లో ఆటగాడు ఒకచోట బయలుదేరి, అడ్డంకులను దాటుకుంటూ గమ్యం చేరుకునే ఒక్కొక్క ఘట్టాన్ని లెవెల్ అంటారు. సాధారణంగా ఈ లెవెళ్లను సంస్థలో పనిచేసే రూపకర్తలు కట్టి ఇస్తారు, కొనుక్కున్నవారు ఆడతారు. కట్టడానికి వాడిన పనిముట్లు మాత్రం సంస్థ గడప దాటి బయటికి రావు. 2011 జనవరిలో సోనీ వారి ప్లేస్టేషన్ 3 యంత్రం కోసం వెలువడిన ‘లిటిల్‌బిగ్‌ప్లానెట్ 2’ ఈ కట్టుబాటును తోసిపుచ్చిన ఆటల్లో ప్రముఖమైనది. బాగా అమ్ముడైన ఆటకు వచ్చిన రెండో భాగంగా మాత్రమే దాన్ని లెక్కగడితే, దాని పుట్టుకలోని అసలు విశేషం మరుగునపడిపోతుంది. మొదటి భాగాన్ని కొన్నవారు, తమకిచ్చిన పనిముట్లతో వాటిని తయారుచేసినవారే ఊహించని పనులకు పూనుకోగా, ఆ పూనిక చూపిన దారిలో రూపుదిద్దుకున్న ఆట ఇది. ఆ లెక్కన దీని కర్తృత్వంలో సంస్థ జీతాల పట్టీకి ఎక్కని ఎందరికో వాటా ఉంది.

ఆటగాడి చేతికి పనిముట్లు ఇవ్వాలన్న ఆలోచన కొత్తది కాదు. 1983లో డగ్ స్మిత్ రూపొందించగా బ్రోడర్‌బండ్ సంస్థ విడుదల చేసిన ‘లోడ్ రన్నర్’లో 150 లెవెళ్లతో పాటు, ఎవరికి వారు సొంత లెవెల్ కట్టుకునే ఎడిటర్, అంటే కూర్పు పరికరం, కూడా ఉండేది. ఆ కాలంలోనే బిల్ బడ్జ్ తయారుచేసిన ‘పిన్‌బాల్ కన్‌స్ట్రక్షన్ సెట్’లో బల్లలు, తెడ్లు, గుబ్బలు తెర మీద అమర్చుకుని సొంత పిన్‌బాల్ యంత్రాన్ని కూర్చడమే ప్రధానమైన ఆట. 1984లో జపాన్‌లో నింటెండో విడుదల చేసిన ‘ఎక్సైట్‌బైక్’లో మోటారు సైకిలు పందేలకు కావలసిన బాటను ఆటగాడే వేసుకోగలిగేవాడు, కాని వేసిన బాటను దాచుకోవడానికి క్యాసెట్ టేపు మీద నమోదు చేసే ప్రత్యేక యంత్రం కావలసి వచ్చేది, ఆ యంత్రం జపాన్ బయట అమ్మకానికి రాకపోవడం వల్ల, తక్కిన దేశాల పిల్లలు కట్టిన బాటలు మీట నొక్కి ఆపగానే చెరిగిపోయేవి. 1993 నాటి ‘డూమ్’లో ఐడీ సాఫ్ట్‌వేర్ వారు లెవెళ్ల సమాచారాన్ని అసలు ప్రోగ్రామ్ నుంచి విడదీసి వేరే ఫైళ్లలో పెట్టినందువల్ల, కంప్యూటర్ తెలిసినవారు ఆ ఫైళ్లను మార్చి కొత్త లెవెళ్లు కట్టి, ఒకరికొకరు పంచుకోవడం మొదలుపెట్టారు. కట్టడం తెలిస్తే చాలదని, దాచుకునే చోటు, పంచుకునే దారి కూడా ఉండాలని ఈ పాత ప్రయత్నాలన్నీ తెలియజేస్తున్నాయి.

ఆ మూడింటినీ ఒక్కచోట చేర్చాలని తలపెట్టినది ఇంగ్లండ్‌లోని గిల్డ్‌ఫర్డ్ పట్టణానికి చెందిన మీడియా మాలిక్యూల్ అనే చిన్న సంస్థ. లయన్‌హెడ్ స్టూడియోలో పనిచేస్తూనే తీరిక వేళల్లో మార్క్ హీలీ చేపట్టిన ‘రాగ్ డాల్ కుంగ్‌ఫూ’ అనే ఆటకు తోటి ఉద్యోగులు చేయి కలపడం, అది 2005లో విడుదల కావడం ఈ సంస్థకు బీజం వేశాయి. 2006లో హీలీ, అలెక్స్ ఎవాన్స్, డేవిడ్ స్మిత్, కరీమ్ ఎటూనీ ప్రభృతులు కలిసి సంస్థను నెలకొల్పి, సోనీ పెద్దల్లో ఒకరైన ఫిల్ హారిసన్‌కు తమ నమూనాను చూపి ఆర్థిక సాయం పొందారు. 2008లో వెలువడిన మొదటి ‘లిటిల్‌బిగ్‌ప్లానెట్’ కథానాయకుడు సాక్‌బాయ్ అనే జానెడైనా లేని గుడ్డబొమ్మ. ఆ బొమ్మ తిరిగే లోకం కూడా అట్టముక్కలు, స్పాంజి, కలప, గాజు, లోహం వంటి వస్తువులతో కట్టినదే. ప్రతి వస్తువుకూ తనదైన బరువు, జారుడుతనం ఉండి, తోస్తే దొర్లడం, ఆధారం తీస్తే కూలడం భౌతిక సూత్రాలకు లోబడి జరుగుతాయి. కథాభాగంలోని ఘట్టాలు ఇంగ్లండ్ తోటల నుంచి భారతదేశపు గుడుల వరకు రకరకాల దేశాల ఛాయల్లో సాగుతాయి. అయితే ఆ కథ వాకిలి మాత్రమే. ‘ఆడు, నిర్మించు, పంచు’ అన్న మూడు మాటల నినాదంలో తయారీదారుల మనసు రెండో మాట మీద ఉంది.

మొదటి భాగంలో తలుపు తెరవడం, లిఫ్టు కదిలించడం వంటి పనులకు మీటలు, తీగలు, ముందుకూ వెనక్కూ కదిలే పిస్టన్లు, దగ్గరికి వస్తే పనిచేసే అయస్కాంత స్విచ్చులు ఉండేవి. రూపకర్తల దృష్టిలో అవి బొమ్మలను ఆడించే చిన్న సాధనాలే. ఆటగాళ్లు వాటిలో తర్కాన్ని చూశారు. రెండు పిస్టన్లూ కదిలి రెండు అయస్కాంతాలూ స్విచ్చు దగ్గరికి చేరితేనే మూడోది కదిలేలా అమర్చితే, అది కంప్యూటర్ శాస్త్రంలో ‘ఆండ్ గేట్’ అనే సాధనం చేసే పనే చేస్తుంది. రెండు షరతులూ నెరవేరితేనే ఫలితాన్నిచ్చే ద్వారం కాబట్టి దానికా పేరు. ఇలాంటి ద్వారాలను వందల సంఖ్యలో పేర్చి ఒక ఆటగాడు ఏకంగా కూడికలు, తీసివేతలు చేసే లెక్కల యంత్రాన్నే కట్టి చూపించాడు. అందులో అంకె మారాలంటే తెర వెనుక పిస్టన్ల గుంపు నిజంగానే కదలాలి. తోలుబొమ్మలాటలో తెర వెనుక కళాకారుడు పడే శ్రమ అంతా ఇక్కడ యంత్రం మీద పడేది: ప్రతి లెవెల్‌కూ ఒక ఉష్ణమాపకం ఉంటుంది, అమర్చిన ప్రతి వస్తువుకూ యంత్రపు జ్ఞాపకశక్తి ఎంత ఖర్చయిందో చూపుతూ దాని రసం పైకి పాకుతుంది, అంచుకు చేరిందంటే ఇక ఇటుక పెట్టడానికి వీల్లేదు. ఇంత ఇరుకులో లెక్కల యంత్రం కట్టినవారి పట్టుదలను కేవలం వినోదం అనడం న్యాయం కాదు; అది ఇంజనీరింగ్ సాధన.

మీడియా మాలిక్యూల్ ఈ సాధనను చూసి మురిసిపోయి ఊరుకోలేదు. ఆటగాళ్లలోంచి కొందరిని పిలిచి ఉద్యోగాలిచ్చింది. అలా చేరినవారిలో అంతకుముందు భవన నిర్మాణ పనులు చేసుకునే వ్యక్తి ఒకరు ఉన్నారు. 2010 మార్చిలో సోనీ ఆ సంస్థను కొనుగోలు చేసింది, మే నెలలో రెండో భాగాన్ని ప్రకటించారు. అందులోని కొత్త పనిముట్లను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే, దాదాపు ప్రతిదీ ఆటగాళ్లు అంతకుముందు చేత్తో కట్టుకున్న ఏదో ఒక మొరటు అమరికకు సంస్కరించిన రూపమని తెలుస్తుంది. పిస్టన్లతో కట్టిన ద్వారాల చోట సిద్ధంగా ఉన్న లాజిక్ గేట్లు, లెక్కపెట్టే కౌంటర్లు, కాలాన్ని కొలిచే టైమర్లు వచ్చాయి. వాటన్నిటినీ ఒక చిన్న మైక్రోచిప్‌లో, అంటే తెరిస్తే పలకలా పరుచుకునే బిళ్లలో, అమర్చి వస్తువుకు అతికించవచ్చు. ఆడే సమయంలో అది కంటికి కనపడదు, ఉష్ణమాపకం మీద వేసే భారం కూడా స్వల్పం. చదువుకున్నవారు ప్రోగ్రామింగ్ అని పిలిచే విద్యను, ఆ పేరు ఎక్కడా ఎత్తకుండా పిల్లల చేతికి అందించిన ఘనత ఈ మైక్రోచిప్‌దే.

కంట్రోలినేటర్ అనే పీట మరొక మలుపు. దానిలో సాక్‌బాయ్‌ని కూర్చోబెట్టగానే ఆటగాడి చేతిలోని కంట్రోలర్ మీది మీటలన్నీ సర్క్యూట్ పలక మీద ప్రత్యక్షమవుతాయి. ఏ మీటను దేనికి కలిపితే ఆ మీట అదే చేస్తుంది. బండి నడపవచ్చు, విమానం ఎగరవేయవచ్చు, సాక్‌బాయ్ ప్రమేయమే లేని చదరంగం వంటి ఆటను కూడా కట్టవచ్చు. అప్పటివరకు గెంతుతూ సాగే ఆట, అంటే వీడియో గేమ్‌ల పరిభాషలో ‘ప్లాట్‌ఫామ్ గేమ్’, ఈ పీటతో ‘ఆటలకే ప్లాట్‌ఫామ్’ అయింది. మాటలోని ఈ శ్లేషను సంస్థ తన ప్రచారంలో సార్థకంగా వాడుకుంది. సాక్‌బాట్లు అనే మరబొమ్మలకు వెంబడించమనో, పారిపొమ్మనో చెప్పవచ్చు, లేదా ఆటగాడు స్వయంగా అభినయించి చూపిన కదలికలను నేర్పవచ్చు. స్వరాలు కూర్చే సాధనం, కెమెరా కోణాలు కూడా చేరడంతో చిన్న చిత్రాలు తీసేవారూ బయలుదేరారు. మొదటి ఆటలో కట్టిన లక్షల కొద్దీ లెవెళ్లు రెండో దానిలోనూ ఆడుకునేలా నిలపడం, పాత శ్రమ పట్ల చూపిన మంచి గౌరవం. లోపం లేదని కాదు. సాక్‌బాయ్ గెంతులో మొదటి నుంచీ ఉన్న తేలికతనం, కాలు సరిగ్గా నేలకు ఆనని పట్టుసడలిన నడక, ఇందులోనూ మిగిలే ఉన్నాయి.

2014లో మూడో భాగాన్ని సుమో డిజిటల్ సంస్థ తయారుచేయగా, మీడియా మాలిక్యూల్ తన శక్తిని 2020లో పూర్తి రూపంలో వెలువడిన ‘డ్రీమ్స్’ వైపు మళ్లించింది. 2015లో నింటెండో తెచ్చిన ‘సూపర్ మారియో మేకర్’ ఇందుకు భిన్నమైన దారి పట్టి, నడత ముందే నిర్ణయమైన ముక్కలను మాత్రమే ఇచ్చి, వాటి కూర్పులోనే నేర్పు చూపమంది. ఎవరి దారి ఎలా ఉన్నా, పంచుకోవడమనేది సంస్థల సర్వర్ల మీద, అంటే లెవెళ్లను భద్రపరిచి అడిగినవారికి అందించే కంప్యూటర్ల మీద, ఆధారపడే విషయం. లిటిల్‌బిగ్‌ప్లానెట్ సర్వర్లు 2021లో వరుస దాడులకు గురై, ఆ ఏడాది సెప్టెంబరులో ప్లేస్టేషన్ 3 ఆటలకు శాశ్వతంగా మూతపడ్డాయి. మిగిలిన ప్లేస్టేషన్ 4 సర్వర్లు కూడా 2024లో ఆగిపోయాయి. డిస్కు ఉన్నవారు ఈనాటికీ ఒంటరిగా మైక్రోచిప్‌లు అమర్చుకోవచ్చు. ప్రపంచం నలుమూలల వారు కట్టిన లెవెళ్లను మాత్రం, మూతపడకముందే కొందరు అభిమానులు ప్రతులు తీసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దాచగా, మరికొందరు సొంత సర్వర్లు నిర్మించి వాటిని మళ్లీ ఆడించే పనిలో ఉన్నారు.