మంత్రసాని నుంచి ఆశా వరకు: సరిహద్దు తాలూకాల్లో ఒక పదచరిత్ర

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాలు 2007 వరకు కోలారు జిల్లాలో ఉండేవి. ఆ సంవత్సరం చిక్కబళ్ళాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. ఇక్కడ పాలనాభాష కన్నడం. పల్లెల్లో, ముఖ్యంగా బాగేపల్లి వైపు, ఇంటిభాష తెలుగు. ఈ రెండు భాషల నడుమ ఆరోగ్యసేవ చేసే స్త్రీకి వచ్చిన పేర్లను వరుసగా పరిశీలిస్తే, ఆమె పనికి సమాజమూ ప్రభుత్వమూ కట్టిన వెల ఎంతో తెలుస్తుంది.

పాత పేర్లు రెండు: తెలుగులో మంత్రసాని, కన్నడంలో సూలగిత్తి. 'సాని' అన్నది 'స్వామిని'కి తద్భవం. 'దొరసాని'లో ఉన్నదీ ఇదే. కన్నడ 'సూలు', మన 'చూలు' సజాతీయ పదాలు. మనకు చూలు అంటే గర్భం, వారికి సూలు అంటే కాన్పు. '-గిత్తి' వృత్తి చేసే స్త్రీని తెలిపే ప్రత్యయం. పూలమ్మే ఆమె 'హూవాడగిత్తి', అతడు 'హూవాడిగ'. సూలగిత్తికి మాత్రం అలాంటి పురుషరూపం లేదు. ఇది పూర్తిగా స్త్రీల విద్య. ప్రతిఫలం తరచు గింజలో, చీరో, రవికగుడ్డో. మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలన్న సామెత మనకు ఉండనే ఉంది. ఇలాగే తెలుగు వినిపించే పావగడ తాలూకాకు చెందిన సూలగిత్తి నరసమ్మ 15,000కు పైగా కాన్పులు ఉచితంగా చేశారు. 2018లో పద్మశ్రీ అందుకుని, ఆ డిసెంబరులోనే కన్నుమూశారు.

ప్రభుత్వం ఈ విద్యను తన చేతిలోకి తీసుకున్న క్రమం వేరు. శిక్షణ పొందినవారు తగినంతమంది వచ్చేదాకా మంత్రసానులకే తర్ఫీదు ఇవ్వాలని 1946లో భోర్ కమిటీ సూచించింది. 1950లలో ఏఎన్ఎంలు వచ్చారు. ఉపకేంద్రానికి ఒక పురుషుడు, ఒక స్త్రీ ఉండాలని 1973లో కర్తార్ సింగ్ కమిటీ చెప్పింది. దేశంలో పురుషుల పోస్టులు పెద్దసంఖ్యలో ఖాళీగా ఉండిపోయాయి. ఉపకేంద్రం భారం స్త్రీ మీదే పడింది.

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో 'ఆశా' వచ్చింది. సుమారు వెయ్యిమంది జనాభాకు ఒకరు. స్త్రీయే కావాలి, ఆ ఊరి మనిషే కావాలి. కాని ఆమె ఉద్యోగి కాదు, స్వచ్ఛంద సేవకురాలు అన్నారు. కన్నడంలో ఆమె 'ఆశా కార్యకర్తె', అంటే పేరులోనే స్త్రీలింగం. పైన ఉన్న 'వైద్యాధికారి'కి లింగభేదం లేదు. ఆమెకు ముట్టేది జీతం కాదు, 'గౌరవధన'. మన భాషలో గౌరవ వేతనం. జీతం అంటే హక్కు ఉంటుంది, గౌరవం అంటే ఇచ్చేవారి దయ.

ఈ మాటల తేడా న్యాయస్థానాలకూ వెళ్ళింది. అంగన్‌వాడీ కార్యకర్తలవి సివిల్ పోస్టులు కావని 2006లో, కర్ణాటక నుంచి వెళ్ళిన కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2022లో గుజరాత్ కేసులో అదే న్యాయస్థానం వారికి గ్రాట్యుటీ వర్తిస్తుందనీ, గౌరవ వేతనం పేరిట ఇచ్చేది ఆ చట్టం దృష్టిలో వేతనమేననీ చెప్పింది. 2025 జనవరిలో బెంగళూరులో కర్ణాటక ఆశాలు సమ్మెకు కూర్చుని నెలకు 15,000 రూపాయలు కోరారు. 10,000కు తగ్గకుండా చూస్తామని ప్రభుత్వం హామీ ఇచ్చింది.

ప్రపంచ ఆరోగ్య రంగంలో పనిచేసేవారిలో స్త్రీలు 70 శాతం, ఉన్నత పదవుల్లో 25 శాతం మాత్రమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించింది. సరిహద్దు తాలూకాల్లో దీనికి మరొక పొర ఉంది. గర్భిణిని తెలుగులో అడిగి, రిజిస్టరులో కన్నడంలో రాసే స్త్రీ రోజూ అనువాదం కూడా చేస్తున్నది. ఆ పనికి ఏ భాషలోనూ పేరు లేదు. పేరు లేని పనికి వెల కట్టేవారు ఉండరు. ప్రవాసాంధ్ర విద్యార్థులు తమ ప్రాంతాల్లో ఇటువంటి పనులను, వాటికి ఉన్న మాటలను సేకరించగలిగితే, అది భాషాశాస్త్రానికే కాక ఆ స్త్రీలకూ ఉపకరిస్తుంది.