తోక చివర సూది

ఈ వారం చరిత్ర కబుర్లలో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఆవులున్నాయి. తిరుపతిలో పశువైద్యం చదివి, ఇరవై ఏళ్ళుగా ఈ ఎమిరేట్స్‌లో పాడి పశువుల మధ్యే బతుకుతున్నవాణ్ణి, నా దగ్గర ఇంకేం కబుర్లుంటాయి చెప్పండి!

మొన్న బక్రీదు ముందు మా అమ్మాయిని అల్ ఐన్ పశువుల సంతకు తీసుకెళ్ళాను. సోమాలియా నుంచి ఓడల్లో వచ్చిన మేకలు కూడా అమ్ముతారక్కడ. ఒక మేక పొడిగా దగ్గింది. నేను అక్కడే ఆగిపోయాను. "మేక దగ్గితే ఏమవుతుంది నాన్నా?" అంది అమ్మాయి. అలా మొదలైంది కథ.

మేకలకు వచ్చే అంటు ఊపిరితిత్తుల జబ్బు ఒకటుంది. ఇక్కడి ఇసుక జింకల మందలోనూ అది కనబడింది, దానిమీద 2018లో ఒక పరిశోధన వెలువడింది. ఆవులకు వచ్చేది దానికి అన్న లాంటిది. మేం సీబీపీపీ అంటాం. మనుషులకు సోకదు, భయపడకండి. కానీ ఒక పశువు ఊపిరి నుంచి పక్క పశువు ఊపిరికి పోతుంది. బాగైనట్టు కనబడే ఆవులో కూడా చచ్చిన ఊపిరితిత్తి ముక్క గూడు కట్టుకుని నెలల తరబడి ఉండిపోతుంది. ఓడెక్కే పశువును చూసి మేం భయపడేది అందుకే. 1853లో నెదర్లాండ్స్ ఎద్దులతో ఈ జబ్బు దక్షిణాఫ్రికాలో దిగింది. మందలు పోయి దిక్కుతోచక ఉన్న ఖోసా ప్రజలు, ఒక బాలిక చెప్పిన జోస్యం నమ్మి 1856-57లో మిగిలిన పశువులను తామే చంపుకున్నారు. ఆకలితో దాదాపు 40 వేల మంది పోయారని అంచనా.

దీనికి మొదట అడ్డుకట్ట వెయ్యబోయింది బెల్జియంలోని హాసెల్ట్ ఊరి డాక్టరు లూయీ విలెమ్స్. మనుషుల డాక్టరే. వాళ్ళ నాన్నకు సారా బట్టీ, దాని పిప్పి తినే పశువులూ ఉండేవి. రోగం వాటికే వచ్చింది. చచ్చిన ఆవు ఊపిరితిత్తిలోని నీరు తీసి, మంచి ఆవుల తోక చివర ఎక్కించాడాయన. తోక వాచేది, కొన్నిటికి ఊడిపోయేది కూడా. కానీ తర్వాత రోగపు ఆవుల పక్కన కట్టేసినా జబ్బు రాలేదు. 1852లో ఈ సంగతి బయటపెట్టాడు. పాశ్చర్ టీకాలకు దాదాపు ముప్ఫై ఏళ్ళ ముందు మాట! ఎందుకో ఆయన పేరు మన పాఠాల్లో పెద్దగా వినబడదు.

1898లో పారిస్‌లో నోకార్, రూ బృందం ఆ క్రిమిని పట్టుకుంది. పల్చటి కొలోడియన్ సంచిలో ద్రవం పోసి, కుందేలు పొట్టలో పెట్టి పెంచారు. మైకోప్లాస్మా జాతిలో మనిషి పెంచగలిగిన మొదటిది అదే.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. టీకా పనిచేస్తోందో లేదో తేలాలంటే జబ్బును తెప్పించి చూడాలి. కుందేలుకూ ఎలుకకూ ఈ ఊపిరితిత్తుల జబ్బు రాదు, ఆవుకే రావాలి. ఆవు తోకలో పొడిస్తే తోక వాస్తుంది తప్ప ఊపిరితిత్తులు చెడవు. అందుకని గొట్టం దింపి, క్రిమిని నేరుగా శ్వాసనాళంలో పోశారు. అలా జబ్బుపడ్డ ఆవులను టీకా వేసినవాటితో, వెయ్యనివాటితో కలిపి ఒకే కొట్టంలో ఉంచారు. ఇక నెలల నిరీక్షణ. కొన్నిటికి తీవ్రంగా వస్తుంది, కొన్నిటికి కొంచెం, కొన్నిటికి అసలు రాదు. చివరకు అన్నిటినీ కోసి ఊపిరితిత్తులు చూడాలి. ఆ గాయాలకు మార్కులు వేసే పద్ధతిని 1963లో ఆస్ట్రేలియాలో హడ్సన్, టర్నర్ స్థిరపరిచారు. 1973కల్లా ఆ దేశం ఈ జబ్బును వదిలించుకుంది. మన దేశంలో అస్సాం వైపు చాలాకాలం పట్టుకుని ఉండి పోయింది. 2007లో భారత్‌కు అంతర్జాతీయ సంస్థ గుర్తింపు వచ్చింది. ఆఫ్రికాలో మాత్రం ఇంకా ఉంది.

అక్కడ వాడే టీకా టీ1/44. టాంగన్యీకాలో దొరికిన మెతక క్రిమిని గుడ్లలో 44 సార్లు మార్చి చేశారు. మెతకదే కదా అనుకున్నారు. నమీబియాలో దాన్నే గొట్టంతో శ్వాసనాళంలో పోసి చూస్తే జబ్బు వచ్చింది! 2004లో ఆ ఫలితం అచ్చయింది. ఆ ఆవులు లేకపోతే ఈ సంగతి మనకు తెలిసేది కాదు.

ఇదంతా కారులో చెప్పాను. అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అంటే జబ్బు లేని ఆవుకు కావాలనే జబ్బు ఎక్కించారా?" అంది.

"అవునమ్మా" అన్నాను. వేలల్లో మందలు బతకడానికి అని కూడా అన్నాను. నా ఉద్యోగమంతా ఆ మాట మీదే నడిచింది, అది అబద్ధం కాదు. కానీ నా గొంతు నాకే కొంచెం పల్చగా వినబడింది.

"వాటికి పేర్లుంటాయా?"

ఒంగోలు దగ్గర మా తాతయ్య ఎడ్లకు పేర్లుండేవి, రాముడు, భీముడు అని. ఆ సంగతి దానికి తెలుసు.

"చెవికి నంబరు ఉంటుంది" అన్నాను.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం. సెలవు.